నాయనమ్మ కసిరిందా, మంచిదే

డాలస్ నుంచి దేవరకొండ దాకా పిల్లలతో వచ్చిన ఇంట్లో మొదట ఒక పరీక్ష జరుగుతుంది. డిమెన్షియా ఉన్న నాయనమ్మ ముందు మనవరాలిని నిలబెట్టి "ఎవరో చెప్పు, గుర్తువట్టినవా?" అని నలుగురూ ఒకేసారి అడుగుతారు. ఆమె తడబడుతుంది, పిల్ల ముఖం చిన్నబోతుంది.

పేరు తట్టడం వేరు, మనిషి మనదేనని ఒంటికి తెలియడం వేరు. 1911లో అచ్చయిన ఒక సంగతి: స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త క్లపరేడ్, కొత్త సంగతులేవీ గుర్తుండని ఒకామెతో చేతిలో గుండుసూది దాచి చెయ్యి కలిపాడు. తర్వాత ఆయనెవరో ఆమెకు తెలియలేదు. చెయ్యి మాత్రం ఇవ్వలేదు.

పిల్లలకు విమానం ఎక్కకముందే చెప్పాల్సింది ఇది: జ్ఞాపకం పోయినా చాలామందిలో మర్యాద చాలాకాలం ఉంటుంది. కొంగు సర్దుకొని "మంచిగున్నరా, ఎప్పుడొచ్చిండ్రు" అని నవ్విందంటే బహుశా కొత్తవాళ్లనుకుంటోంది. "గట్ల నిలవడ్డవేంది, కూసో" అని కసిరిందా, చాపిన కాళ్లు ముడవలేదా, పట్టిన మణికట్టు వదలట్లేదా, తన జొన్నరొట్టె తుంచి చేతిలో పెట్టిందా, అప్పుడు తెలిసినవాళ్ల కిందే లెక్క. మనవరాలిని తన చెల్లెలనుకున్నా సరే, దిద్దకండి. ప్లీజ్, థాంక్యూల మధ్య పెరిగిన పిల్లలకు ఈ కసురు కోపంలా వినిపిస్తుంది. మన బాధంతా అక్కడే.

దిగిన సాయంత్రమే కలపకండి, చాలామందికి పొద్దుగూకే వేళ గాబరా ఎక్కువ. మర్నాడు ఛాయ్ తాగాక, కళ్లద్దాలు, వినికిడి మిషను పెట్టి, ఒక్కొక్కరినే పంపండి. పక్కచూపు తగ్గి ఉండొచ్చు కాబట్టి ఎదురుగా రావాలి, రెండు మూరల దూరంలో ఆగి, పీటేసుకొని ఆమె కళ్లకంటే కాస్త కింద కూర్చోవాలి. "నాయనమ్మా, నేను నీ చిన్నకొడుకు బిడ్డను" అని తానే చెప్పి, అరచెయ్యి చాపి, పది లెక్కపెట్టేదాకా ఊరుకోవాలి. పిల్లలు ఇక్కడే తప్పుతారు. మూడో సెకండుకే ఫోను తీస్తారు, లేదంటే మెడ చుట్టూ చేతులేస్తారు. ముందు ఆమె పట్టుకోవాలి. పక్కన కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తే ఇంకా మేలు: వంకరగా తీసిన కాయను పిల్ల చేతిలోంచి లాక్కుందంటే పరాయితనం పోయినట్టే.

పిడికిలి బిగించినా, చెయ్యి వెనక్కి గుంజుకున్నా లేచి రావాలి. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) కూడా ఉంటే ముఖంలో కదలిక తగ్గుతుంది, ముఖం చూసి తీర్పు చెప్పొద్దు. నిన్నటిదాకా తెలిసిన కొడుకునే ఒక్కరోజులో పరాయివాణ్ని చేసిందంటే మూత్రంలో ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీళ్లు తగ్గడమో, కొత్త మందో కారణం కావచ్చు. అదేరోజు డాక్టరుకు చూపించాలి.

తిరిగెళ్లాక వీడియో కాల్‌లో తెర నిండా ఒక్క ముఖమే, రోజూ ఒకే మాటతో పలకరింపు. అక్కడ ఫోను పట్టుకునేవాళ్లకు "ఎవరో చెప్పు" అనొద్దని ముందే చెప్పిపెట్టండి.