అలిపిరి మెట్ల మీద తెలిసింది

నిన్న రాత్రే కొండ దిగి ఇల్లు చేరాం. కాళ్ళు పట్టేసి ఉన్నాయి, కానీ ఇది రాసేదాకా మనసు ఊరుకునేలా లేదు.

మాది అవసరం కుదిర్చిన పెళ్లి. నాన్న పోయేసరికి ఇల్లు తాకట్టులో ఉంది. మా ఆయనకేమో మొదటి భార్య పోయి, చంటిపాప, మంచంపట్టిన తల్లి. మధ్యవర్తి మాట్లాడాడు, మా అప్పు తీరింది, నా మెడలో తాళి పడింది. ఆ ఇంట్లో వంటకు గానీ, పాప చదువుకు గానీ, అత్తయ్య మందులకు గానీ నేను ఏనాడూ లోటు రానివ్వలేదు. ఆయనతో మాత్రం అవసరానికి మించి మాట్లాడింది లేదు. ఆయన వస్తే అన్నం వడ్డించి గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. ఒంట్లో ఎలా ఉందని అడిగిన గుర్తు కూడా లేదు. అప్పు కింద నన్ను జమ కట్టేశారన్న కసి అది. దాన్నంతా ఆయన మీద, నోరు విప్పకుండానే తీర్చుకున్నాను.

మొన్న వానాకాలంలో డెంగీ వచ్చి నాకు ప్లేట్‌లెట్స్ బాగా పడిపోయాయి. ఐసీయూ దాకా వెళ్ళి బయటపడ్డాను. తేరుకున్నాక ఒకరోజు ఆయన, "మొక్కుంది, నడిచి కొండెక్కాలి" అన్నారు. ఎవరికోసం మొక్కారో నేను అడగలేదు. పాప కోసం అయ్యుంటుందనుకున్నాను. పాపనూ అత్తయ్యనూ ఆడపడుచు ఇంట్లో దింపి బయల్దేరాం.

పాదాల మండపంలో స్వామి పాదుకలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేశాక, నేను చకచకా ఎక్కేయబోతే ఆయన సంచిలోంచి పసుపు కుంకుమ పొట్లాలు తీశారు. ప్రతి మెట్టుకీ పెడతారట! 3,550 మెట్లు. నడుముకి బెల్టు లేకుండా ఆఫీసుకి కూడా వెళ్ళలేని మనిషి. వంగి పసుపు రాయడం, కుంకుమ పెట్టడం, నడుం పట్టుకుని లేవడం, మళ్ళీ వంగడం. గాలిగోపురం దాకా అసలే నిట్టనిలువు మెట్లు. నేను పైకి వెళ్ళి నీడన కూర్చుని, ఆయన వచ్చేదాకా చూసి మళ్ళీ ఎక్కేదాన్ని.

ఈ జనం గురించి ఒక మాట చెప్పాలి. నడకదారిలో వినిపించాల్సింది గోవింద నామాలు. ఫోన్లో సినిమా పాటలు గట్టిగా పెట్టుకుని గుంపులు గుంపులుగా పరుగెత్తుతున్నారు. మెట్టుకి అడ్డంగా నిలబడి సెల్ఫీలు. ఒక కుర్రాడైతే పసుపు రాస్తున్న ఆయన చెయ్యి తొక్కి, వెనక్కి తిరిగి కూడా చూడకుండా పోయాడు. ఆయన చెయ్యి దులుపుకుని గోవిందా అన్నారంతే. నాకు మాత్రం కడుపు మండిపోయింది.

మోకాళ్ళ మెట్లు ఇంకా రాకముందే ఆయన దగ్గర కుంకుమ అయిపోయింది. అప్పటిదాకా పక్కనే మెట్ల పూజ చేసుకుంటూ వస్తున్న ఒక పెద్దావిడ, అడగకుండానే తన పొట్లంలో సగం ఆయన చేతిలో పోసింది. తర్వాత నా దగ్గరకొచ్చి కూర్చుని, "ఒళ్ళు కుదుటపడిందా తల్లీ?" అంది. నేను తెల్లబోయి చూశాను. "మీ ఆయన చెప్పినాడులేమ్మా. నీకు నయమైతే మెట్టుమెట్టుకీ బొట్టు పెడతానని ఆస్పత్రిలో మొక్కుకున్నాడంట. మగోళ్ళు ఈ పూజ చేసేది నేను శానా తక్కువ చూసినా."

ఆమె పేరు కూడా అడగలేదు నేను. లేచి కిందికి దిగాను. ఆయన చేతిలోని పసుపు పొట్లం తీసుకున్నాను.

"వద్దు, నీకింకా నీరసం తగ్గలేదు" అన్నారు.

"నేను పసుపు రాస్తాను, మీరు కుంకుమ పెట్టండి. నడుం నొప్పిగా ఉందా అండీ?"

ఆయన తలెత్తి చూసి, కాసేపటికి "చాలా ఉంది" అన్నారు.

నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెబితే ఇదీ ఒక బాకీ అనుకుంటావని" అన్నారు. ఏడుపు ఆగలేదు నాకు. కళ్ళు తుడుచుకుందామంటే చేతినిండా పసుపు.

మోకాళ్ళ మెట్లు ఇద్దరం మోకాళ్ళ మీదే ఎక్కాం. ఎక్కుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. కుబేరుడి దగ్గర అప్పు చేసే కదా స్వామి పద్మావతమ్మను పెళ్ళాడింది! ఆ వడ్డీ ఇంకా కడుతూనే ఉన్నాడు. అంతమాత్రాన దాన్ని అప్పు పెళ్ళి అన్నవాళ్ళున్నారా? రోజూ ఆ కల్యాణం చూసి లోకమంతా అక్షింతలు వేయించుకుంటోంది. మరి నేను నా పెళ్ళిని ఇన్నేళ్ళూ తాకట్టు కాగితంలాగే ఎందుకు చూశాను?

క్యూ కాంప్లెక్సులో ఎన్ని గంటలు కూర్చున్నామో లెక్కలేదు. గేటు తీసిన ప్రతిసారీ తోపులాటే. ముసలివాళ్ళనీ చంటిపిల్లలనీ కూడా చూడరు, స్వామి ఎక్కడికో పారిపోతున్నట్టు పరుగులు. ఆయన నా వెనక నిలబడి రెండు చేతులూ అడ్డం పెట్టి, నా మీదకి ఎవరినీ పడనివ్వలేదు. ఐసీయూ బయట కుర్చీలో రాత్రంతా ఇలాగే కాపలా ఉండేవారట, ఒక నర్సు అప్పుడే చెప్పింది. అప్పుడది నా చెవికెక్కలేదు.

మా అదృష్టం, అది గురువారం. నేత్ర దర్శనం. బంగారు వాకిలి దాటాక ఆ దీపాల వెలుగులో, నగల బరువేమీ లేకుండా పట్టు ధోవతితో స్వామి. నామం తగ్గించి ఉంది, కళ్ళు కనిపించాయి. ఎప్పుడు వెళ్ళినా పెద్ద నామం చాటునే ఉండే కళ్ళు! ఎంతసేపు చూశానంటే ఏం చెప్పను, "జరగండమ్మా జరగండి" అని భుజం మీద చెయ్యి పడేలోపు. అంత దయ ఉంది ఆ చూపులో. అడగాలనుకున్నవన్నీ మర్చిపోయాను.

బయటికొచ్చాక ఆయన మొహం చిన్నబోయి ఉంది. దండం పెట్టి కళ్ళు మూసుకున్నారట, తెరిచేలోపే పక్కకి లాగేశారట. "నువ్వు చూశావా? ఎలా ఉన్నాయి కళ్ళు?" అని అడిగారు. హుండీ దగ్గరా, లడ్డూల లైన్లోనూ, బస్సులో కిందికి దిగే దారంతా చెబుతూనే ఉన్నాను. మా ఇద్దరి మధ్య అంతసేపు మాటలు సాగడం అదే మొదటిసారి.

మళ్ళీ గురువారమే చూసుకుని వెళ్ళాలి. ఆ కళ్ళు ఆయన కూడా చూడాలి. మెట్ల పూజ మాత్రం ఈసారి నేనే చేస్తాను, ఆయన నడుం బాగుపడాలని మొక్కుకున్నాను.