131వ కీర్తన దగ్గర

ఈస్టరు తెల్లవారుజామున కళింగపట్నం ఒడ్డున జరిగే ఆరాధనకు ఈసారి నడిచి వెళ్దామని మా సంఘంలో పన్నెండు మందిమి అనుకున్నాం. శనివారం సాయంత్రం శ్రీకాకుళంలో బయలుదేరి, గార మీదుగా రాత్రంతా నడక.

దారిలో చదువుకోవడానికి 120 నుంచి 134 దాకా పదిహేను కీర్తనలు. బైబిల్లో ఒక్కోదాని పైన ‘యాత్రకీర్తన’ అని ఉంటుంది. పూర్వం పండుగలకు యెరూషలేము ఎక్కి వెళ్లేవాళ్లు ఇవే పాడుకునేవారని పెద్దలు చెబుతారు. ఆగిన చోటల్లా ఒకటి చదివి, ఐదు నిమిషాలు మౌనంగా కూర్చుని లేచేవాళ్లం.

నాకు మాత్రం ఏ కీర్తన చదివినా మా అబ్బాయి ఉద్యోగమే గుర్తొచ్చేది. రెండేళ్లుగా అదే టెన్షన్, అదే ప్రార్థన.

గార దాటాక, మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీద 131 తీశాం. మూడే వచనాలు. దావీదుది. అంతటి రాజు, నాకు అందనివాటి జోలికి పోనంటున్నాడు! ఆ తర్వాత, “చనుపాలు విడిచిన పిల్ల తన తల్లియొద్దనున్నట్లు”. చిన్నప్పటి నుంచి చదువుతున్నా, నేను పాలు తాగే పిల్లనే ఊహించుకున్నాను. ‘విడిచిన’ అన్న మాట ఆ రాత్రే కంటపడింది.

మా వాడికి పాలు మాన్పించడానికి వేపాకు నూరి రాసుకున్నాను. నాలుగు రాత్రులు జాకెట్టు పట్టుకుని లాగి ఏడ్చాడు. ఐదో రాత్రి తనే వచ్చి ఒళ్లో తల పెట్టుకున్నాడు. పాలు అడగలేదు. నా గాజులు ఒక్కొక్కటే తిప్పుతూ నిద్రపోయాడు. ఏమీ అడగకుండా నేను దేవుని దగ్గర అలా ఎప్పుడు కూర్చున్నాను?

“ఏటమ్మా, లేవలేకపోతున్నావా?” అని పెద్దాయన అడిగేదాకా అక్కడే ఉండిపోయాను.

తర్వాత మూడు చోట్ల వాళ్లు ముందుకు చదివారు, నేను 131 దగ్గరే ఉన్నాను. ఉద్యోగం దిగులు మళ్లీ మళ్లీ లేచేది. లేచినప్పుడల్లా, పిల్లాడు ఏడుస్తున్నాడులే అనుకుని, కసురుకోకుండా సముదాయించేదాన్ని. కాసేపు ఊరుకునేది, మళ్లీ మొదలు. పున్నమి దాటిన చంద్రుడి వెలుగులో దారంతా అదే పని.

వంశధార సముద్రంలో కలిసే చోటికి చేరేసరికి తూర్పు ఎర్రబడుతోంది. పాస్టరుగారు ప్రార్థన అవసరతలు చెప్పమన్నారు. రెండేళ్లలో మొదటిసారి నేను చెయ్యి ఎత్తలేదు. తడి ఇసుకలో కాళ్లు చాపుకుని, పొద్దు పైకి వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.