ఇంజిన్ గదిలో మనిషి లేకపోతే

పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్త్‌కు దక్షిణంగా హెండర్సన్ అనే చోట పడవల మరమ్మతు షెడ్డులో పనిచేస్తున్నాను. ఎదురుగా కాక్‌బర్న్ సౌండ్ నీళ్లు, వాటి అవతల గార్డెన్ ద్వీపంలో ఆస్ట్రేలియా నౌకాదళ స్థావరం. మా షెడ్డుకు వచ్చేవి ఫెర్రీలు, చేపల పడవలు, సరుకు మోసే చిన్న నౌకలు. యుద్ధనౌకల పని కంచె అవతల జరుగుతుంది. దానికి భద్రతా అనుమతి కావాలి, ఆ అనుమతికి పౌరసత్వం ఉండాలి. నాకు ఇంకా రాలేదు. కాబట్టి సిబ్బంది లేని యుద్ధనౌకల గురించి నేను రాసేది బయటికి వచ్చిన సమాచారమే. దానికి జోడించగలిగింది వాణిజ్య నౌకల ఇంజిన్ గదుల్లో గడిపిన నా అనుభవం.

ఈ ఊళ్లోనే తయారైన ఆర్మిడేల్ తరగతి గస్తీ నౌకల్లో ‘మెయిట్‌ల్యాండ్’ ఒకటి. దాదాపు 57 మీటర్ల పొడవున్న అల్యూమినియం నౌక. 2022లో నౌకాదళం దాన్ని విధుల నుంచి తప్పించింది. దాన్ని కట్టిన ఆస్టల్ సంస్థే మళ్లీ తీసుకుని, ‘సెంటినెల్’ అని పేరు మార్చి, గ్రీన్‌రూమ్ రోబోటిక్స్ సాఫ్ట్‌వేర్‌తో దూరం నుంచి నడిపేలా, తనంతట తాను నడిచేలా మార్చింది. 2024లో సముద్ర పరీక్షలు పూర్తయ్యాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ప్రభుత్వం మరో పెద్ద అడుగు ప్రకటించింది: ఒక్కోదానికి 32 క్షిపణి గొట్టాలతో ఆరు పెద్ద నౌకలు, సిబ్బందితోనూ సిబ్బంది లేకుండానూ నడిచేవి, ఇక్కడ హెండర్సన్‌లోనే కడతారట.

ఆ రోజు మా షెడ్డులో టీ విరామమంతా దీని గురించే మాట్లాడుకున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: ఎదురుగా వచ్చే ఓడను అది ఎలా తప్పించుకుంటుంది? నా దృష్టిలో అది ఉన్నవాటిలో తేలికైన సమస్య. 1972 నాటి అంతర్జాతీయ నిబంధనల్లో దారులు అడ్డంగా కలిసినప్పుడు ఎవరు తప్పుకోవాలో స్పష్టంగా రాసి ఉంది. అవతలి ఓడ మన కుడి వైపున ఉంటే దారి ఇవ్వాల్సింది మనమే. రాసి ఉన్న నియమాన్ని యంత్రానికి నేర్పవచ్చు. రాడార్, కెమెరాలు, ఓడలు తమ ఉనికిని ప్రసారం చేసే ఏఐఎస్ సంకేతాలు దానికి చూపునిస్తాయి. ఐదో నిబంధన కంటితో, చెవితో నిఘా పెట్టాలంటుంది. కెమెరాను కన్ను అనవచ్చా అన్నది న్యాయవాదులు తేలుస్తారు.

అసలు చిక్కు కింద, ఇంజిన్ గదిలో ఉంది. ఒక రాత్రి కాపలాలో జనరేటర్ పక్కగా నడుస్తుంటే డీజిల్ వాసన కాస్త ఎక్కువగా తగిలింది. గేజీలన్నీ సరిగానే ఉన్నాయి, ఒక్క అలారం కూడా మోగలేదు. టార్చి వేసి వెతికితే ఇంధన గొట్టం అతుకు దగ్గర సన్నటి చెమ్మ. వేలితో తుడిస్తే మళ్లీ ఊరుతోంది. రెండు అడుగుల దూరంలో కాలిపోతున్న ఎగ్జాస్ట్ గొట్టం. వెంటనే జనరేటర్ మార్చి, ఆ అతుకు విప్పి సీలు కొత్తది వేశాం. ఆ చోట ఏ సెన్సరూ లేదు. నౌకలో అలాంటి అతుకులు వందలు ఉంటాయి. అన్నిటికీ సెన్సర్లు పెడితే వాటిని చూసుకోవడమే మరో పని అవుతుంది.

ఇక్కడి షెడ్డులోనూ అదే కథ. ఈమధ్య ఒక సరుకు పడవ ఇంజిన్ వేడెక్కి వచ్చింది. చల్లబరిచే సముద్రపు నీటిని వడగట్టే జల్లెడ మూత తీస్తే లోపల సముద్రపు గడ్డి గట్టిగా కుక్కినట్టు ఉంది, దాని మధ్య రెండు చిన్న పీతలు ఇంకా కదులుతున్నాయి. లోపల మనిషి ఉంటే కాసేపట్లో అయ్యే పని. నడిసముద్రంలో మనిషి లేని నౌకకు అదే జరిగితే ఇంజిన్ ఆగుతుంది, యుద్ధనౌక కొట్టుకుపోయే ఇనుప డొల్ల అవుతుంది.

ఈ సంగతి అమెరికా చట్టసభ గుర్తించడం నాకు చాలా సంతోషం కలిగించింది. సిబ్బంది లేని పెద్ద నౌకల మీద డబ్బు కుమ్మరించే ముందు, వాటి ఇంజిన్లు ఒడ్డున 720 గంటలు, అంటే ముప్పై రోజులు, ఎవరూ చేయి పెట్టకుండా నడిచి చూపాలని షరతు పెట్టింది. 2016లో నీట దిగిన, సిబ్బంది లేని అమెరికా నౌక ‘సీ హంటర్’ తనంతట తాను దారి చూసుకోగలదని ఎప్పుడో నిరూపించింది. అయినా ఇంజిన్లకు వేరే పరీక్ష అవసరమైంది. 2025లో నామకరణం జరిగిన మరో అమెరికా నౌక ‘డిఫయంట్’లో మనిషి ఉండే ఏర్పాటే లేదు. అక్కడి ఆలోచన నాకు నచ్చింది: పాడయ్యేది ఎలాగూ పాడవుతుంది, కనుక ఒకటి ఆగినా మిగిలినవాటితో నెట్టుకొచ్చేలా యంత్రాలను అవసరానికి మించి పెట్టు, మరమ్మతు రేవుకు వచ్చాక చేసుకో.

విశాఖలో మెరైన్ ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు దీని గురించే ఫోన్ చేశాడు. 2024లో మన దేశపు ‘మాతంగి’ పడవ ముంబయి నుంచి తూత్తుకుడికి తనంతట తాను బయల్దేరిందని చదివాడట.

“మావయ్యా, నా చదువు అయ్యేసరికి ఓడల్లో మాకు పని ఉంటుందా?”

“పని ఉంటుందిరా. ఎక్కువ భాగం రేవులో ఉంటుంది. ముప్పై రోజులు సముద్రంలో కొద్దికొద్దిగా చేసే పని, నౌక రేవుకు రాగానే రెండు మూడు రోజుల్లో చేయాల్సి వస్తుంది. అందుకు ఇప్పటికంటే ఎక్కువ మంది ఫిట్టర్లు కావాలి.”

అలా జరిగితే మంచిదే. నౌక ఉద్యోగుల ఇళ్లలో పిల్లలు తండ్రిని ఫోన్ తెర మీద చూస్తూ పెరుగుతారు. మా ఇంట్లోనూ అలాగే గడిచింది. నేను ఒడ్డున పని వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చింది అందుకే. వాడి తరానికి రాత్రి ఇంటికి చేరే ఉద్యోగం దొరికితే నాకంటే సంతోషించేవాడు ఉండడు.

కానీ వాడిని నేను తిరిగి అడిగిన ప్రశ్నకు వాడి దగ్గరా నా దగ్గరా జవాబు లేదు. వాసన చూసి లీకు పట్టడం, పంపు మీద చేయి పెట్టి బేరింగ్ సంగతి చెప్పడం నాకు తరగతి గదిలో రాలేదు. పెద్ద ఇంజినీరు వెనకాల నెలల తరబడి కాపలాలు కాస్తే వచ్చింది. సెన్సర్ ఎక్కడ పెట్టాలో చెప్పేది ఆ అనుభవమే. ఎవరూ సముద్రం మీదికి వెళ్లకపోతే, ఇరవై ఏళ్ల తర్వాత ఆ నౌకలను గీసేవాళ్లు ఎక్కడ నేర్చుకుంటారు?

“ముందు కొన్నేళ్లు ఓడ ఎక్కు. కంట్రోల్ సిస్టమ్స్ కూడా వదలకు” అన్నాను. వాడు వచ్చే ఏడాది శిక్షణకు సరుకు ఓడ వెతుక్కుంటున్నాడు. నా పౌరసత్వ దరఖాస్తు పరిశీలనలో ఉంది. అది రాగానే కంచె అవతల ఉద్యోగానికి పెట్టుకుంటాను, వాళ్లు ముందుగా ఆ జల్లెడలు చూపించాలని అడుగుతాను.