మా అమ్మ వంట వల్ల కాదు

ఆఫీసువాళ్లు చేయించిన హెల్త్ చెకప్ ప్యాకేజీలో మెడ స్కాన్ కూడా ఉంది. అప్పుడు నాకు 32 ఏళ్లు, ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు. స్కాన్ చేస్తున్నాయన ఎడమవైపు ఒకచోట ఆగి కొలతలు తీసుకుని, "ఈ వయసుకే రక్తనాళంలో కొవ్వు పేరుకుంది. మీ ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో పోయారా?" అన్నాడు. మా నాన్న, 44 ఏళ్లకే గుండెపోటుతో, అన్నాను. "అదీ సంగతి" అని, జెల్ తుడుచుకోమని టిష్యూ చేతిలో పెట్టి, తర్వాతివాళ్లని పిలిచాడు.

మెదడుకి రక్తం తీసుకెళ్లేది ఆ నాళాలేనని ఆ రాత్రి ఫోన్‌లో చదివాను. పాప నిద్రలో నా మెడమీద చెయ్యేస్తే తీసేశాను, ఆ కాస్త ఒత్తిడికే కొవ్వు ముక్క ఊడి మెదడులోకి పోతుందేమోనని. నోరు వంకరపోయిందేమోనని మాటిమాటికీ లేచి అద్దంలో చూసుకున్నాను. ఆయన రెండు నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే నాకా రాత్రి ఉండేది కాదు. ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

గుంటూరులో చూపించుకున్న గుండె డాక్టరుగారు మాత్రం రిపోర్టు పక్కనపెట్టి, ముందు కాళ్లు చూపించమన్నారు. మడమ వెనక, పిక్కని మడమకి కలిపే గట్టి నరాన్ని రెండు వేళ్లతో పట్టి చూసి, "నాన్నగారికి ఇక్కడ లావుగా ఉండేదా?" అని అడిగారు. ఉండేది. చెప్పులు ఒరుసుకుని కాయ కాసిందనుకునేవాళ్లం.

రక్తపరీక్షలో నా చెడు కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, 238, చాలా ఎక్కువ. వంశపారంపర్యంగా వచ్చే జబ్బు ఇది. ఆ కొలెస్ట్రాలే మడమ వెనక కూడా పేరుకుని అక్కడ లావెక్కుతుందట. ఈ కొలెస్ట్రాల్‌ని రక్తంలోంచి లాగేసే పని కాలేయం సరిగ్గా చేయలేదట, పుట్టుక నుంచే. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ఒక్కో బిడ్డకీ సగానికి సగం అవకాశం. మెడలో పేరుకున్నది కొద్దిగానే, రక్తానికి అడ్డేమీ లేదన్నారు. "లక్షణాలు లేనివాళ్లందరికీ ఈ స్కాన్ అక్కర్లేదమ్మా. మీకైతే లిపిడ్ ప్రొఫైల్, అంటే కొలెస్ట్రాల్ రక్తపరీక్ష, చేసినా బయటపడేది" అన్నారు. ఆయనకి చేతులెత్తి దండం పెట్టాను.

నాన్న పోయిన రోజునుంచి మా మేనత్తలు అనే మాట ఒక్కటే: "వేపుళ్లు పెట్టి పెట్టి మా అన్నయ్యని పొట్టనబెట్టుకుంది." ఇన్నేళ్లూ అమ్మ దాన్ని మోసింది. తద్దినం వంటకి కూడా చెయ్యి పెట్టేది కాదు. డాక్టరుగారు చెప్పింది చెప్తే, "అయితే నా వంట వల్ల కాదా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. కాదమ్మా. తిండిలో జాగ్రత్త ఎవరికైనా మంచిదే, కానీ ఇంత కొలెస్ట్రాల్ వేపుళ్లతో వచ్చేది కాదు.

ఇప్పుడు రోజూ కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, దానికి తోడు ఎజెటిమైబ్ అనే ఇంకో మాత్ర వేసుకుంటున్నాను. ఎల్‌డీఎల్ 90కి దిగింది. రెండో బిడ్డ ఆలోచన ఉంటే ముందే చెప్పమన్నారు, అప్పుడు స్టాటిన్ ఆపాలట. అమ్మ మంగళగిరి పానకాల స్వామికి మొక్కుకుంది, వెళ్లి పానకం పోయించాం. మందు పనిచేసిందా, స్వామి చూశాడా అని నేను వాదించను.

మీ ఇంట్లో మగవాళ్లకి 55 లోపు, ఆడవాళ్లకి 65 లోపు గుండెజబ్బు వచ్చి ఉంటే, మీరు చిన్నవాళ్లయినా లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి. తమ్ముడు చేయించుకున్నాడు, వాడికి లేదు. పాపకి వేసవి సెలవుల్లో చేయిస్తాం. కోపం దిగమింగుకుని పెద్దత్తయ్య కొడుక్కీ ఫోన్ చేసి చెప్పాను. వాడికి ఎల్‌డీఎల్ 200 దాటింది, మందులు మొదలుపెట్టాడు. అత్తయ్య మాత్రం అమ్మకి ఇంకా ఫోన్ చేయలేదు.