అలర్జీ అన్నాను

మాది వంశధార ఒడ్డున గుణుపూర్, ఒడిశాలో రాయగడ జిల్లా. మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభు భోజనం, అంటే యేసుని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. అందరికీ ఒకే గిన్నె. దాన్ని పట్టుకుని వరసలో తిరిగేది సంఘ పెద్దగా నేనే. అలాంటి నాకు దగ్గు పట్టుకుంది. మూడు వారాలు దాటినా తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకి బనీను తడిసిపోయేది. ఎవరడిగినా "అలర్జీ" అనేవాణ్ణి. టీబీ అంటే తాగుబోతులకొచ్చే జబ్బని నా లోపల గట్టిగా ఉండేది మరి. పైకి మాత్రం రోగుల కోసం ప్రార్థనలు చేసేవాణ్ణి.

కఫంలో రక్తపు చార కనబడ్డాక మా ఆవిడ ఊరుకోలేదు. పరీక్షలో టీబీ అని తేలింది. బరువు 48 కిలోలు. రోజుకి మూడు మాత్రలు, ఒక్కో దాంట్లో నాలుగు మందులు. రెండు నెలలయ్యాక ఒక మందు తీసేసి ఇంకో నాలుగు నెలలు. మొదటి రోజే మూత్రం ఎర్రగా వస్తే హడలిపోయాను. రిఫాంపిసిన్ వల్లనట. ముందే చెప్పుంటే ఆ పూట టెన్షన్ తప్పేది.

డాక్టరుగారిని మొదట అడిగింది గిన్నె గురించే. గిన్నెలు, కంచాల వల్ల అంటదన్నారు, దగ్గితే గాలిలో పోతుందన్నారు. నేను తలుపులు మూసిన గదిలో గంటలకొద్దీ ప్రార్థన చేస్తూ దగ్గినవాణ్ణి! అందరూ పరీక్ష చేయించుకోండని సంఘానికి చెప్పక తప్పలేదు. ఇన్నేళ్లలో నేనిచ్చిన సాక్ష్యాల్లో నా గొప్ప లేనిది అదొక్కటే.

మాత్రలు వేసుకుంటున్నానో లేదో చూడ్డానికి ఊళ్లో ఆరోగ్య కార్యకర్త, ఆశా దీదీ వచ్చేది. సవర గిరిజనుల అమ్మాయి. ఇదివరకు పోలియో చుక్కలకని వస్తే గేటు దగ్గరే నిలబెట్టి పంపేసేవాణ్ణి. ఒకరోజు మాత్రలు వేసుకోగానే అరుగు మీదే వాంతి చేసుకున్నాను. బకెట్టు తెచ్చి తనే కడిగింది. "నువ్వొద్దమ్మా" అంటే, "పడుకో భాయినా" అంది.

ఏటా గుడ్ ఫ్రైడే ముందు రాత్రి నడుముకి తువ్వాలు కట్టుకుని పదిమంది పాదాలు కడిగేవాణ్ణి. కడగడం తేలికే, పైగా నలుగురూ చూస్తారు. తన పాదాలు కడగడానికి యేసు వంగితే శిష్యుడు పేతురు ఎందుకు వద్దన్నాడో ఆ అరుగు మీద తెలిసింది.

తిండికని ప్రభుత్వం నెలకి 1000 రూపాయల లెక్కన ఖాతాలో వేసింది. కానుక పెట్టెలో వేసేద్దామన్నాను. "అది గుడ్లకిచ్చారు, గొప్పలకి కాదు" అంది మా ఆవిడ.

ఆరు నెలలకి కఫం పరీక్షలో ఏమీ లేదన్నారు. ఆ ఆదివారం పాస్టరు అయ్యగారు గిన్నె మళ్లీ నా చేతికివ్వబోతే, ఇంకో తమ్ముడికి ఇప్పించి తలుపు దగ్గర బల్ల మీద కూర్చున్నాను. వినయం అనుకునేరు, కాళ్లలో ఇంకా సత్తువ రాలేదు. పక్కనే ముసలాయన. దగ్గుతో వాక్యం వినబడట్లేదని ఒకప్పుడు నేనే ఆయన్ని బయట కూర్చోమన్నాను. ఇప్పుడూ దగ్గుతున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి తాతా?" అన్నాను.

ఆయన కండువా మూతికి అడ్డం పెట్టుకుని అటు తిరిగాడు. "ఒట్టి అలర్జీ బాబూ."