చేతిలో రెండు ముక్కలు, తలలో పదమూడు: మా ఇంటి పోకర్‌కి రూల్స్ పెట్టిన అనుభవం

మనవాళ్ళు పోకర్‌కి కూర్చుంటే చేతిలో ఉండేది రెండే ముక్కలు. తలలో మాత్రం పదమూడు ముక్కలాట నడుస్తూనే ఉంటుంది. డాలస్ దగ్గర మా ఇంట్లో శనివారం రాత్రి ఆటకి రూల్స్ రాయడానికి కూర్చున్నప్పుడు ముందు తేల్చుకోవాల్సి వచ్చింది దీన్నే. మేం ఆడేది టెక్సస్ హోల్డెమ్. ఒక్కొక్కరికి రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ కలిపి ఐదు: ముందు మూడు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), చివరగా ఇంకొకటి (రివర్). ఈ ఏడింటిలో మంచి ఐదే మన చెయ్యి, ప్రతి విడతకీ పందేలు. పావు డాలరు, అర డాలరు బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు వేయాల్సిన పందేలు), 50 డాలర్ల బైయిన్ (ఆటలో చేరేటప్పుడు చిప్స్ అనే బిళ్ళలు కొనే డబ్బు). ఈ డబ్బు కోసం ఎవరూ కొట్టుకోరు. ముక్కలు చూశాక ఎవరో ఒకరు కొత్త రూలు చెబితే మాత్రం కొట్టుకుంటారు. పాట్ (పందేలన్నీ చేరిన కుప్ప) ఎవరిదో తేలబోయే క్షణంలో చెప్పిన రూలు ఎంత న్యాయమైనదైనా, చెప్పినవాడి లాభం కోసమే పుట్టినట్టు వినిపిస్తుంది.

అందుకే ఒక పేజీ రాసి, ప్రింట్ తీసి, గోడకి అంటించాం. కెసినోల్లో వాడే రూల్స్ పుస్తకం మొత్తం ఇంట్లో అక్కర్లేదు. గొడవ పుట్టే చోట్లు పదో పన్నెండో ఉంటాయి, అవి రాసుకుంటే చాలు.

పేజీలో మొదటి వరుస ఏ చెయ్యి పెద్దదన్న పట్టీ. తెలిసిన విషయమే కదా అని వదిలేస్తే మూడు ముక్కలాట ఆడి పెరిగినవాళ్ళతో ఇబ్బంది తప్పదు. అక్కడ కలర్ (అన్నీ ఒకే గుర్తు) కన్నా సీక్వెన్స్ (వరస అంకెలు) పెద్దది, పోకర్‌లో స్ట్రెయిట్ (అక్కడి సీక్వెన్స్) కన్నా ఫ్లష్ (అక్కడి కలర్) పెద్దది. దీనికి కారణం లెక్కలోనే ఉంది. మూడు ముక్కలతో వచ్చే 22,100 చేతుల్లో మామూలు సీక్వెన్సులు 720, కలర్లు 1,096. ఐదు ముక్కలకి వచ్చేసరికి స్ట్రెయిట్లు 10,200 అయితే ఫ్లష్‌లు 5,108 మాత్రమే. ఏది అరుదో అదే పెద్దది. ఈ రెండు లెక్కలూ ఒకసారి చెబితే ఎవరూ మళ్ళీ అడగరు. ఇంకోటి, ఆసు నుంచి ఐదు దాకా వచ్చేది పోకర్‌లో స్ట్రెయిట్లన్నిటిలోకీ చిన్నది. మూడు ముక్కల్లో ఆసు-రెండు-మూడుని చాలాచోట్ల గొప్పగా చూస్తారు కాబట్టి దీన్నీ విడిగా రాయాలి.

రెండోది రాంగ్ షో. రమ్మీలో తప్పు షో చేస్తే 80 పడుతుందన్న భయం రక్తంలో ఇంకిపోయి ఉంటుంది. పోకర్‌లో రాంగ్ షో అనేదే లేదు, ముక్కలు ఏం చెబితే అదే లెక్క. "రెండు జతలు" అని టేబుల్ మీద పరిచినవాడికి నిజానికి ఫ్లష్ ఉంటే పాట్ వాడిదే. చూసినవాళ్ళెవరైనా చెప్పొచ్చు, చెప్పాలి కూడా. ఇబ్బందల్లా ఎదురుగా ఉన్నవాడితోనే. ఒకరు "ఫ్లష్" అంటారు, పరిచి చూస్తే నాలుగు ఆఠీన్లు, ఒక డైమను. ఈలోగా అవతలివాడు ఆ మాట నమ్మి తన ముక్కలు విసిరేసి ఉంటాడు. బోర్లా వెళ్ళి పారేసిన ముక్కల్లో కలిసిపోయిన చెయ్యి చచ్చినట్టే, తిరిగి రాదు. ఏవి ఎవరివో నిరూపించే దారి ఉండదు మరి. అందుకని మా పేజీలో పెద్ద అక్షరాల్లో ఉన్న రూలు ఇదొక్కటే: పాట్ మీ ముందుకి వచ్చేదాకా, లేదా అవతలి ముక్కలు మీ కళ్ళతో చూసేదాకా, మీ ముక్కలు వదలకండి.

ముందు ఎవరు చూపించాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, "నువ్వు చూపించు, కాదు నువ్వు" అన్న సాగదీతతో రాత్రికి అరగంట పోతుంది. రివర్ మీద చివరగా పందెం వేసినవాళ్ళో పెంచినవాళ్ళో ముందు చూపించాలి. రివర్ మీద అందరూ చెక్ చేస్తే (పందెం వేయకుండా వదిలేస్తే) బటన్‌కి, అంటే పంచే వంతు ఎవరిదో చూపే బిళ్ళకి, ఎడమవైపు మొదట ఉన్నవాళ్ళు చూపించాలి. పక్కవాడికి చూపిస్తే టేబుల్ అంతటికీ చూపించాల్సిందే. పాట్ సమానంగా పంచుకున్నప్పుడు మిగిలిన ఒంటి చిప్ బటన్‌కి ఎడమవైపు ముందు వచ్చేవాళ్ళది.

పందెం వేసే పద్ధతి దగ్గరే ఎక్కువ నలుగుతుంది. సినిమాల్లోలా "నీ ఐదూ కాల్... ఇంకో పది!" అని విడతలుగా చిప్స్ తోయడం మా టేబుల్ మీద కుదరదు (కాల్ అంటే అవతలి పందేనికి సమానంగా పెట్టడం). మొదటి విడత తోసి అవతలి మొహం చూసి, ఆ తర్వాత పెంచడమే అందులో ఉన్న మోసం, తెలిసి చేసినా తెలియక చేసినా. మాట అనకుండా చిప్స్ పెడితే ఒకే కదలికలో పెట్టాలి. మాట అంటే ఆ మాటే లెక్క. నోరు తెరవకుండా పెద్ద చిప్ ఒక్కటి పడేస్తే అది కాల్ మాత్రమే. అర డాలరు బ్లైండ్ మీద ఐదు డాలర్ల చిప్ పడేసి "నేను రైజ్ (పెంపు) అనుకున్నా" అంటే చెల్లదు, నాలుగున్నర వెనక్కి తీసుకోవాలి.

పెంచితే కనీసం ముందటి పెంపు అంతైనా పెంచాలి. అర డాలరు బ్లైండ్‌ని ఒకరు 2 డాలర్లకి తీసుకెళ్ళారంటే పెంపు ఒకటిన్నర, కాబట్టి తర్వాతివాళ్ళు కనీసం 3.50 చెప్పాలి. దగ్గర 3 డాలర్లే ఉన్నవాడు ఆల్ ఇన్ (ఉన్నదంతా పెట్టేస్తున్నా) అనొచ్చు. అది పూర్తి పెంపు కాదు కాబట్టి, అప్పటికే ఆడేసినవాళ్ళకి దాని వల్ల మళ్ళీ పెంచే అవకాశం రాదు. ఈ ఒక్కటీ రాయకుండా వదిలితే నెలకోసారైనా పంచాయితీ తప్పదు.

సైడ్ పాట్ (తక్కువ డబ్బుతో ఆల్ ఇన్ అయినవాడికి వాటా లేని విడి కుప్ప) దగ్గర నోటి లెక్క పనికిరాదు, చిప్స్ విడగొట్టి కుప్పలు పెట్టాలి. ముగ్గురు ఆల్ ఇన్ అయ్యారు, వాళ్ళ దగ్గర 12, 40, 70 డాలర్లు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కరి నుంచి 12 తీస్తే అసలు పాట్ 36, దానికి ముగ్గురూ పోటీ. మిగతా ఇద్దరి నుంచి తలా 28 తీస్తే సైడ్ పాట్ 56. మూడోవాడికి 30 వెనక్కి. పంచేటప్పుడు ముందు సైడ్ పాట్ తేల్చి, ఆ తర్వాత అసలుది తేల్చాలి.

పంచడంలో తప్పులు ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు, మాలో ఎవరూ డీలర్ ఉద్యోగాలు చెయ్యరు కదా. పంచుతుండగా ఒక ముక్క తిరగబడితే ఆపకుండా మొత్తం పంచి, ఆ మనిషికి పైముక్క ఇచ్చి, తిరగబడ్డదాన్ని బర్న్‌గా (టేబుల్ ముక్కలు తెరిచేముందు పక్కన పారేసే ముక్కగా) వాడతాం. రెండు తిరగబడితే మళ్ళీ మొదటి నుంచి పంచాలి. పందేలు పూర్తి కాకుండా ఫ్లాప్ తెరిచేస్తే ఆ మూడు ముక్కల్నీ కట్టలో కలిపేసి, బర్న్‌ని అలాగే ఉంచి, పందేలయ్యాక కలిపి కొత్త ఫ్లాప్ వేయాలి. రెండోసారి బర్న్ చెయ్యకూడదు. టర్న్ ముందే తెరిచేస్తే పద్ధతి వేరు. దాన్ని పక్కన పెట్టి, పందేలయ్యాక ఒకటి బర్న్ చేసి, రివర్‌గా రావాల్సిన ముక్కని టర్న్‌గా పెడతాం. ఆ పందెం కూడా అయ్యాక, పక్కన పెట్టినదాన్ని కట్టలో కలిపి, బర్న్ లేకుండా రివర్ తీస్తాం. వింటే చాదస్తంలా ఉంటుంది. కానీ అందరూ చూసేసిన ముక్క చుట్టూ "నాకు అదే కావాలి" అన్నవాడూ "వద్దు" అన్నవాడూ ఎదురెదురుగా ఉన్నప్పుడు, ఇలా గోడ మీద రాసి ఉన్న దారి తప్ప వేరే దారి పనిచెయ్యదు.

రూలు రాయడం ఒక ఎత్తు, మనిషికి చెప్పడం ఇంకో ఎత్తు. తీర్పు చెప్పేవాళ్ళు ఆ చేతిలో ఉండకూడదు. మామూలుగా నేను చెబుతాను. నేను ఆటలో ఉంటే చెప్పడానికి ఇంకొకరిని రాత్రి మొదట్లోనే అనుకుంటాం, ఇద్దరం ఉంటే అప్పటికే ఫోల్డ్ చేసినవాళ్ళలో (ముక్కలు పారేసి తప్పుకున్నవాళ్ళలో) సీనియర్ చెబుతారు. ఆ రాత్రికి ఆ మాటే ఖాయం. తప్పని అనిపిస్తే మర్నాడు మాట్లాడుకుని, పేజీ దిద్ది, వచ్చే వారం నుంచి అమలు చేస్తాం. జరిగిపోయిన పాట్‌ని మాత్రం తిరగతోడం.

కొత్తవాళ్ళకి మొదటి తప్పు ఉచితం. వెనక్కి తీసుకోనిస్తాం, ఎందుకు కూడదో చెబుతాం. రెండోసారి నుంచి పాతవాళ్ళతో సమానం. ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు ఉండే పెద్దవాళ్ళు కూర్చున్నప్పుడు ఇంకొంచెం ఒడుపు కావాలి. జీవితమంతా క్లబ్బులో రమ్మీ ఆడిన మామయ్యగారిని నలుగురిలో తప్పు పట్టలేం. "మామయ్యగారూ, ముందు నోటితో అనేయండి, చిప్స్ తర్వాత నిదానంగా పెట్టొచ్చు" అంటే రూలూ చెప్పినట్టవుతుంది, మర్యాదా నిలుస్తుంది. వరస రాకుండానే ఫోల్డ్ చేసే అలవాటున్న బాబాయిలకి మనిషి పేరు ఎత్తకుండా "వరస ఎవరిది?" అని టేబుల్‌ని అడిగితే చాలు. వరస తప్పి ఫోల్డ్ చెయ్యడం తప్పెందుకంటే, ఇంకా ఆడాల్సినవాడికి వెనక ఒక పోటీ తగ్గిందన్న సమాచారం ఉచితంగా అందుతుంది.

తెలుగు రాని స్నేహితులు ఒక్కరున్నా సరే, చెయ్యి నడుస్తున్నంతసేపూ తెలుగు బంద్. వంట గురించే మాట్లాడుకున్నా సరే, ముక్కల గురించి మాట్లాడుకుంటున్నారేమో అని అవతలివాళ్ళకి అనిపించడం సహజం. చెయ్యికీ చెయ్యికీ మధ్య ఎంతైనా మాట్లాడుకోవచ్చు. ఒక చేతికి ఒకరే మనిషి. వెనక నిలబడి చూసే బావమరిది సలహా ఇవ్వకూడదు, మొహం పెట్టకూడదు. ఫోల్డ్ చేసినవాళ్ళు "అయ్యో, నా రాజు పోయిందే" అనడమూ ఇంతే, ఆ ఒక్క మాటతో ఇంకొకరి డ్రా (ఇంకో ముక్క వస్తే కుదిరే చెయ్యి) విలువ మారిపోతుంది.

గెలిచే చెయ్యి చేతిలో పెట్టుకుని నిమిషంసేపు ఊరించడం రూలుకి విరుద్ధం కాదు, రాయలేదు కూడా. ఒకసారి చేసినవాళ్ళని టేబుల్ అంతా ఏడిపిస్తుంది, అదే శిక్ష.

టెక్సస్‌లో ఉన్నాం కాబట్టి చట్టం మాట కూడా పేజీలో చేరింది. హోల్డెమ్ పుట్టిల్లు రాబ్స్‌టౌన్ అని 2007లో ఇక్కడి శాసనసభ గుర్తించిందంటారు గానీ, ఆ గర్వం కేసులో అక్కరకి రాదు. ఆట జరిగేది ప్రైవేటు చోటు అయ్యుండాలి, ఆటలో గెలిచిన డబ్బు తప్ప ఎవరికీ ఆర్థిక లాభం ఉండకూడదు, నేర్పునీ అదృష్టాన్నీ పక్కన పెడితే అందరికీ గెలుపోటముల అవకాశం సమానంగా ఉండాలి. ఈ మూడూ ఉంటేనే రక్షణ. కాబట్టి పాట్‌లోంచి ఇంటివాడి వాటా అంటూ ఒక్క చిప్ కూడా తియ్యం, తిండి ఎవరి వంటకం వాళ్ళు తెచ్చుకుంటాం. హైదరాబాద్‌లో ఉన్న స్నేహితులు ఈ పేజీ అడిగితే పంపిస్తూ, అక్కడ డబ్బు లేకుండా చిప్స్‌తోనే ఆడుకోమని చెబుతాను. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ గేమింగ్ చట్టాల్ని సవరించి బాగా బిగించాయి.

ఇక బ్యాంకు. 500 చిప్స్ పెట్టె ఒకటి ఎనిమిది మందికి సరిపోతుంది. ఒక్కో బైయిన్‌కి పావులు 20, డాలర్లు 20, ఐదులు 5, మొత్తం 50. ఎనిమిది మందికీ ఇచ్చాక 140 చిప్స్ మిగులుతాయి, మళ్ళీ కొనేవాళ్ళకి అవి. డబ్బు చేతికో ఫోన్‌కో వచ్చాకే చిప్స్ ఇస్తాం. "తర్వాత ఇస్తాలే బావా" అన్న అప్పు రాత్రి పదకొండుకి చిన్నదే, మర్నాడు అడగడానికి పెద్దది. ప్రతి బైయిన్ పేరుతో సహా కాగితం మీద పడాలి. గెలిచిన చిప్స్ కొన్ని జేబులో వేసుకుని తక్కువతో ఆడటం కుదరదు, టేబుల్ మీదికి వచ్చినవన్నీ వెళ్ళేదాకా టేబుల్ మీదే. వెళ్ళిపోవాలనుకునేవాళ్ళు అరగంట ముందు చెప్పాలి. పెద్ద పాట్ కొట్టి వెంటనే "పిల్లాడు ఏడుస్తున్నాడట" అంటే నమ్మడం కష్టం. ముగింపు వేళ ముందే అనుకుంటాం, ఒంటిగంట దాటాక బటన్ మూడు చుట్లు తిరిగేదాకానే.

చివర్లో ఒకరు లెక్కపెడతారు, ఇంకొకరు మళ్ళీ లెక్కపెడతారు, రెండూ కలిస్తేనే డబ్బు కదులుతుంది. ఎనిమిది మంది, మూడు రీబైలు (మళ్ళీ కొన్న బైయిన్లు) అంటే 550 రావాలి. 549.75 వస్తే సోఫా కింద వెతుకుతాం. దొరక్కపోతే ఆ పావలా ఇంటివాడి ఖాతాలో పడుతుంది.