కమ్మరి కొడుకుగా బొహీమియాలో: నా అనుభవం

‘కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్’ అనే వీడియో ఆటను నేను రెండుసార్లు ఆడాను. ప్రాగ్‌లోని వార్‌హార్స్ స్టూడియోస్ 2018 ఫిబ్రవరిలో విడుదల చేసిన ఈ ఆటను మొదటిసారి అందరిలాగే కత్తి పట్టుకొని, కథ వెంట పరుగెత్తి ముగించాను. రెండోసారి మొదలుపెట్టే ముందు మాత్రం, మాటతో తీరే పనికి కత్తి దూయకూడదని ఒక నియమం పెట్టుకున్నాను. మనిషి అంతస్తును ఈ ఆట ఎక్కడెక్కడ దాచిపెట్టిందో ఆ నియమం పుణ్యమా అని తెలిసివచ్చింది.

కథాకాలం 1403. నేటి చెక్ దేశంలో భాగమైన బొహీమియాకు రాజు నాలుగో వెన్సెస్లాస్‌ను సవతి తమ్ముడు సిగిస్మండ్ బంధించి ఉంచిన రోజులవి. మనం నడిపే పాత్ర పేరు హెన్రీ; స్కాలిట్స్ అనే ఊరి కమ్మరి కొడుకు. సిగిస్మండ్ సైన్యం ఆ ఊరిని తగలబెట్టి, అతని తల్లిదండ్రులను చంపిన తరువాత, గాయాలతో బయటపడిన హెన్రీ రాట్టే పట్టణం దగ్గర ఒక నీటిమరలో కళ్లు తెరుస్తాడు. తెరిచీ తెరవగానే, తన వైద్యానికైన ఖర్చు తీర్చమని ఆ మర యజమాని అడుగుతాడు. మంత్రాలు లేవు, జాతకంలో రాసిపెట్టిన రాజయోగం లేదు. చేతిలో ఉన్నది అప్పు.

నేను అంతకు ముందు ఎక్కువగా ఆడినది ‘మౌంట్ అండ్ బ్లేడ్: వార్‌బ్యాండ్’. అదీ మధ్యయుగపు యుద్ధాల ఆటే. అందులో మన పాత్ర తండ్రి దొరా, వర్తకుడా, దొంగా అని మొదట్లోనే అడుగుతారు. ఆ తరువాత యుద్ధాలు గెలిచేకొద్దీ కీర్తి అనే అంకె పెరుగుతుంది, అది చాలినంత అయ్యాక ఏదో ఒక రాజు మనల్ని సామంతుడిగా చేర్చుకుంటాడు. ఆ లెక్కకు అలవాటుపడినవాణ్ని కాబట్టి ఇక్కడ కూడా అలాంటి అంకె కోసమే వెతుకుతూ చాలా రోజులు పోగొట్టుకున్నాను.

నా మొదటి ఓటమి బాగా గుర్తుంది. దారిలో దోపిడీగాళ్లను ఎదుర్కొని, బతికి బయటపడినందుకు నన్ను నేనే మెచ్చుకుంటూ, నేరుగా రాట్టేకు వెళ్లి ఒక పట్టణవాసిని ఒప్పించబోయాను. పెద్దమనిషి తరహాలో మాట్లాడే పద్ధతిని ఎంచుకుంటే అతను ససేమిరా అన్నాడు. నా వాక్చాతుర్యం తక్కువ కాబోలు అనుకొని, కనిపించిన ప్రతివాడితోనూ మాట్లాడి ఆ నైపుణ్యాన్ని పెంచుకున్నాను. అయినా ఫలితం అంతంతమాత్రమే. చివరకు ఒకనాడు కెమెరాకు ఎదురుగా నిలబడ్డట్టు హెన్రీని, అతని బట్టలూ వస్తువులూ చూపించే తెరలో చూసుకుంటే అసలు సంగతి బోధపడింది. చొక్కా ముందు భాగమంతా ఎండిన రక్తం, మోకాళ్ల దాకా బురద, చిరిగిన మేజోళ్లు. వాటిని మోస్తూ నేను దొరబాబులా మాట్లాడుతున్నాను!

ఈ ఆటలో ప్రతి వస్త్రానికీ ఆకర్షణ విలువ ఒకటి ఉంటుంది; మురికి, రక్తం, చిరుగులు దానిని తగ్గిస్తూ పోతాయి. నీళ్ల తొట్టి దగ్గర ముఖం, చేతులు కడుక్కుంటే ఆ విలువ కొంచెమే కదిలింది. స్నానశాలకు వెళ్లి, గ్రోషెన్లు అనే నాణేలు చెల్లించి, ఒళ్లు రుద్దించుకొని, బట్టలు ఉతికించుకొన్న తరువాత, ఒక్క నైపుణ్యం కూడా పెరగకుండానే నేను వేరే మనిషినయ్యాను. ఆట సంభాషణలు ఇంగ్లీషులోనే సాగినా, అంతకు ముందు కావలివాడి గొంతులో నాకు ‘ఏరా’ వినిపించేది. స్నానం తరువాత అదే గొంతులో ‘ఏమండీ’ వినిపించింది. తెలుగులో ఆలోచించేవాడికి ఈ తేడా చెవికి ముందే తగులుతుందేమో.

దర్జీ దగ్గర ఖరీదైన దుస్తులు కొన్నాక వేరే చిక్కు వచ్చిపడింది. మంచి బట్టలు నలుగురి కంటా పడతాయి. రాత్రిపూట నక్కి తిరగవలసిన పనులకు అవి పనికిరావు. అందువల్ల గుర్రం సంచిలో రెండు జతలు మోసుకుంటూ, ఊరి పొలిమేరలో దిగి బట్టలు మార్చుకొని లోపలికి వెళ్లడం అలవాటయింది. పైగా అంతవరకు ఆడినదాన్ని మనకు నచ్చినప్పుడల్లా భద్రపరచుకోవడానికి (సేవ్ చేసుకోవడానికి) ఒక సారాయి సీసా ఖర్చుపెట్టాలి. కాబట్టి మాట తప్పిపోతే వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నించడం కూడా డబ్బున్నవాడి సౌఖ్యమే.

నన్ను ఎక్కువగా కట్టిపడేసినది చదువు. హెన్రీకి పొట్ట కోస్తే అక్షరం ముక్క లేదు. మొదట్లో పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి గాని, ‘కత్తి’ అన్న మాట ‘త్తిక’ అయినట్లుగా వాటి వరుస తారుమారై ఉంటుంది. ఉజిట్స్ గ్రామంలోని లేఖకుడికి రుసుము ఇచ్చి నేర్చుకున్నాకే పదాలు ఒక్కొక్కటిగా తమ చోట్లలోకి వచ్చి కూర్చోవడం మొదలవుతుంది; అప్పుడు కూడా ఒకేసారి కాదు, చదివేకొద్దీ వాక్యంలో చెదిరిన మాటలు తగ్గుతూ వస్తాయి. మందుల తయారీ పుస్తకంలోని మొదటి విధానాన్ని తడబాటు లేకుండా చదవగలిగిన రోజున, యుద్ధంలో గెలిచిన రోజుకన్నా ఎక్కువ సంతోషించాను. నిరక్షరాస్యతను ‘నీకు అనుమతి లేదు’ అనే హెచ్చరికగా కాక కంటికి అందని పుటగా చూపించడం, నా దృష్టిలో, ఈ ఆట చేసిన అన్నిటికన్నా మంచి పని.

అయితే పట్టుబట్టలు అందరినీ లొంగదీయలేదు. రాట్టేకు వారసుడైన హాన్స్ కేపన్ అనే యువకుడు నన్ను మొదటినుంచీ పల్లెటూరివాడిగానే చూశాడు. విలువిద్య పోటీ పెట్టుకున్నాం, తరువాత సత్రంలో కొట్టుకున్నాం, దానికి శిక్షగా ఇద్దరినీ కలిపి వేటకు పంపారు. అతణ్ని శత్రువుల చెర నుంచి విడిపించిన తరువాత గాని మా మధ్య స్నేహం కుదరలేదు. ఇదంతా ముందే రాసిన కథ కాబట్టి నేను చింపిరి గుడ్డలతో ఉన్నా, జరీ అంచు కోటు తొడిగినా దాదాపు అవే మాటలు పలికాడు. వీధిలోని దుకాణదారు నా చొక్కాను గమనిస్తాడు, నన్ను కొలువులో పెట్టుకున్న రాడ్జిగ్ దొర గమనించడు. ఇది నాకు చివరిదాకా వెలితిగానే తోచింది.

ఆట ఇంకా ఆడనివారు ఈ పేరాను దాటవేయవచ్చు. చివరకు తెలిసేదేమంటే, హెన్రీ అసలు తండ్రి కమ్మరి కాదు, ఆ రాడ్జిగ్ దొరే. అన్ని తొట్ల దగ్గర కడుక్కొని, అన్ని అక్షరాలు కూడబలుక్కొని సంపాదించిన మర్యాదకు నెత్తురు వచ్చి వాటా అడిగినట్లు అనిపించి, ఆ రాత్రి ఆటను కోపంతోనే ఆపేశాను.

2025 ఫిబ్రవరిలో వచ్చిన రెండో భాగం ఆ కోపాన్ని కొంత తగ్గించింది. హాన్స్, హెన్రీ దూతలుగా ట్రోస్కీ కోటకు వెళ్తూ, దారిలో జరిగిన దాడిలో బట్టలు, ఆయుధాలు, తెచ్చిన లేఖ పోగొట్టుకుంటారు. కోట ద్వారం దగ్గర హాన్స్ తన వంశం పేరు ఎంత గట్టిగా చెప్పినా కావలివాళ్లు నమ్మరు. ఆ తరువాత సత్రంలో జరిగిన కొట్లాటకు ఇద్దరినీ బొండకొయ్యలో బిగిస్తారు. రాట్టే వారసుడు నా పక్కనే మెడ వంచుకొని తిట్లు లంకించుకుంటుంటే నాకు నవ్వాగలేదు. విడుదలయ్యాక నా కళ్లు అలవాటుగా ముందు నీళ్ల తొట్టి కోసం వెతికాయి.